మెటోలియస్‌లో అక్టోబర్ ట్రౌట్: చేప కనిపిస్తుంది, ఫ్లై ముట్టదు

హిల్స్‌బోరో_కిరణ్ | సెప్టెంబర్ 28, రాత్రి 9:12

అందరికీ నమస్తే. ఈ వేసవంతా మన ఒరెగాన్‌లో డెషూట్స్ నది మీద, మాపిన్ చుట్టుపక్కల ఫ్లై ఫిషింగ్ (ఈకలతో పురుగులా కట్టిన కొక్కెం, అంటే ఫ్లై, వేసి చేపలు పట్టడం) చేశాను. అక్కడ నాకు బాగానే పడుతున్నాయి. మొన్న వీకెండ్ మెటోలియస్ నదికి వెళ్ళాను. క్యాంప్ షెర్మన్ వంతెన మీద నిలబడి కిందికి చూస్తే మోచేయంత ట్రౌట్లు, మనల్ని పట్టించుకోకుండా ఈదుతున్నాయి (వంతెన దగ్గర పట్టకూడదని తెలుసు, చూడ్డానికే వెళ్ళా). కాస్త కిందికి దిగి, డెషూట్స్‌లో పనిచేసిన ఫ్లైలన్నీ వేశాను. ఒక్కటి కూడా తల తిప్పలేదు. నీళ్ళు గాజులా ఉన్నాయి, నా ఫ్లై పక్కనుంచి చేప తప్పుకోవడం కళ్ళారా చూశాను.

అక్టోబర్‌లో మళ్ళీ వెళ్దామనుకుంటున్నా. ఈ ఊటనీళ్ళ నదిలో శరదృతువులో చేప దేనికి వస్తుంది, ఏ టైమ్‌కి వస్తుంది? అసలు అక్టోబర్‌లో వెళ్ళడం దండగా? రెగ్యులర్‌గా వెళ్ళేవాళ్ళు చెప్పండి.

యానాం_బుల్లోడు | సెప్టెంబర్ 28, రాత్రి 9:40

కిరణ్ బ్రో, మూడు గంటలు కారు నడిపి, చలినీళ్ళలో నడుంలోతు దిగి, ఈకలు కట్టిన కొక్కెం విసిరి, ఒకవేళ పడితే మళ్ళీ నీళ్ళలోనే వదిలేస్తారు కదా మీరు? మా ఊళ్ళో గాలం వేసేవాడికి ఈ సంగతి చెబితే రెండు రోజులు నవ్వుతాడు. ఎర లేదు, బెండు లేదు, పులుసు లేదు. దేనికిదంతా?

(సీరియస్‌గా అడుగుతున్నా, ఎగతాళి కాదు. నేనూ బీవర్టన్‌లోనే ఉంటా, రావాలనే ఉంది.)

బెండ్_మూర్తి | సెప్టెంబర్ 29, ఉదయం 6:05

కిరణ్ గారూ, డెషూట్స్ ఫ్లైలు పనిచేయకపోవడానికి ఫ్లైలు కారణం కాకపోవచ్చు. నూటికి తొంభై సార్లు అది డ్రాగ్ (లైన్ ఫ్లైని లాగడం) వల్లే. మెటోలియస్‌లో పైకి నున్నగా కనిపించే నీళ్ళలో కూడా లోపల రకరకాల ప్రవాహాలుంటాయి. ఒక అడుగు అవతల వేగం, ఇవతల నెమ్మది, మధ్యలో చిన్న సుడి. మీ లైన్ వేగంగా పోయే నీళ్ళ మీద పడితే అది ఫ్లైని లాగేస్తుంది. మనకి ఆ లాగుడు కనిపించదు. చేపకి కనిపిస్తుంది, ఎందుకంటే దాని పక్కనుంచి కొట్టుకుపోతున్న నిజం పురుగులేవీ అలా పోవట్లేదు. డెషూట్స్‌లో రాళ్ళ మీద పారే నీళ్ళ తెల్లటి నురుగులో ఇది చెల్లిపోతుంది. ఇక్కడ చెల్లదు.

నేను చేసేది చెబుతాను. 9 అడుగుల 4 వెయిట్ రాడ్ (అంకె చిన్నదైతే తేలిక రాడ్), 12 అడుగుల లీడర్ (లైన్ చివరి సన్నదారం), దాని కొసన 6ఎక్స్ టిప్పెట్ (ఫ్లై కట్టే దారం, అంకె పెరిగే కొద్దీ సన్నం). బాగా ఎండగా ఉంటే 7ఎక్స్. లేచే చేపకి కింద నిలబడి పైకి వేయమని పుస్తకాల్లో ఉంటుంది, ఇక్కడ నేను తిరగేస్తాను. చేపకి పైన, పక్కగా నిలబడి, కిందికి వేస్తాను. లైన్ గాల్లో ఉండగానే రాడ్‌ని ప్రవాహానికి ఎదురుగా పక్కకి చాపితే లైన్ వంగి పడుతుంది. అప్పుడు చేపకి ముందు ఫ్లై కనిపిస్తుంది, దారం తర్వాత వస్తుంది. ఫ్లై దాటిపోయాక వెంటనే ఎత్తకండి. ఫ్లైని చేపకి బాగా వెనకదాకా పోనిచ్చి, పక్కకి తీసుకొని, అప్పుడు లేపండి. తొందరపడి అక్కడే లేపారా, ఇక ఆ చేపని వదిలేసి వేరే చేపని వెతుక్కోవడమే.

ఇక టైమ్ గురించి. అక్టోబర్‌లో పొద్దున్నే లేచి పరిగెత్తక్కర్లేదు. కాఫీ తాగి, ఇడ్లీ తిని, పదకొండింటికి నది దగ్గరుంటే చాలు. అసలు ఆట మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర దాకా. సెప్టెంబర్‌లో, అక్టోబర్ మొదట్లో గ్రీన్ డ్రేక్ అనే పురుగు రెండో విడత వస్తుంది. మొదటి విడత మే, జూన్‌లలో. పెద్ద పురుగు, 10 లేదా 12 సైజు కొక్కెం (సైజు అంకె పెరిగే కొద్దీ కొక్కెం చిన్నది). దాంతోపాటు మహాగనీ డన్ 16 సైజులో. మబ్బు పట్టి చినుకులు పడితే బ్లూ వింగ్డ్ ఆలివ్, 18 నుంచి 22 దాకా. నీళ్ళ మీద అన్నీ కలిసి కనిపించినప్పుడు చేప చిన్నదానికే వెళ్తుంటుంది, మనమేమో పెద్దది కట్టి కూర్చుంటాం.

పైన ఏమీ లేవకపోతే అడుగున వెతకాలి. చేపలు కనిపిస్తున్నాయంటే లోతు తక్కువనుకుంటాం, అది మోసం. నీళ్ళ తేటదనం వల్ల ఆరడుగుల లోతు మూడడుగులుగా కనిపిస్తుంది. బరువుకి టంగ్‌స్టన్ పూస ఉన్న ఫెజెంట్ టెయిల్ లాంటి నిమ్ఫ్ (నీటి అడుగున ఉండే పిల్లపురుగులా కట్టిన ఫ్లై) వేసి, అది రాళ్ళని తాకుతోందో లేదో చూసుకోండి. తాకట్లేదంటే చేపకి చాలా పైనుంచి పోతున్నట్టు.

సుధ_కొర్వాలిస్ | సెప్టెంబర్ 29, ఉదయం 8:30

మూర్తి గారు చెప్పినదానికి కొంచెం వెనకనుంచి వస్తాను, కిరణ్ గారి అసలు ప్రశ్నకి జవాబు అక్కడుందని నా అభిప్రాయం.

మిగతా నదుల్లో శరదృతువంటే నీళ్ళు చల్లబడటం. వేసవిలో నీళ్ళు 20 డిగ్రీల సెల్సియస్ దగ్గరికొస్తే ట్రౌట్‌కి ఊపిరాడదు, సెప్టెంబర్‌లో రాత్రులు చల్లబడగానే తేరుకొని తిండి మీద పడుతుంది. అందుకే అందరూ "ఫాల్ ఫిషింగ్ బాగుంటుంది" అంటారు. మెటోలియస్‌కి ఇది వర్తించదు. కాస్కేడ్ పర్వతాల మీద పడిన మంచు, వాన అక్కడి లావా రాళ్ళ సందుల్లోకి ఇంకిపోయి, భూమిలోపల చాలా కాలం ప్రయాణించి, బ్లాక్ బ్యూట్ కొండ అడుగున ఊటగా బయటికొస్తాయి. అక్కడ నిమిషానికి సుమారు 50,000 గ్యాలన్లు. దారిలో ఇంకా ఊటలు, వాగులు కలిసి, 30 మైళ్ళు కూడా లేని ఈ నది లేక్ బిల్లీ చినూక్ జలాశయంలోకి చేరేసరికి సెకనుకి 1,400 ఘనపుటడుగులు దాటుతుంది. ఊట దగ్గర నీళ్ళు జూలైలోనూ, జనవరిలోనూ దాదాపు 9 డిగ్రీలే. వరద దాదాపు రాదు, ఎండిపోవడం అంతకన్నా లేదు. అందుకే గట్టు మీది గడ్డి సరిగ్గా నీటి అంచుదాకా పెరుగుతుంది, పడిపోయిన దుంగల మీద పూలమొక్కలు మొలుస్తాయి. వరదలొచ్చే నదిలో ఇవేవీ నిలవవు.

కాబట్టి ఇక్కడ చేపకి అక్టోబర్ వచ్చిందని నీటి వేడి చెప్పదు. దానికి తెలిసేది రెండు సంగతుల వల్ల. ఒకటి వెలుతురు: పొద్దు చిన్నదై, సూర్యుడు కిందికి దిగి, పురుగులు పైకొచ్చే సమయం మధ్యాహ్నంలోకి కుదించుకుపోతుంది. రెండోది కోకనీ. జలాశయం నుంచి ఎర్రటి కోకనీ సాల్మన్లు గుడ్లు పెట్టడానికి సెప్టెంబర్, అక్టోబర్‌లలో నదిలోకి ఎక్కుతాయి. గుడ్లు కొట్టుకుపోతాయి, తర్వాత చచ్చిన చేపల ముక్కలు కూడా. ట్రౌట్లకి అది ఉచిత భోజనం. మీ ఫ్లై పక్కనుంచి చేప తప్పుకుంటోందంటే ఆకలిగా లేకపోవడం కూడా ఒక కారణం కావచ్చు.

బాయిసీ_బాబు | సెప్టెంబర్ 29, మధ్యాహ్నం 12:10

అన్నా, అక్కా, మీ మెటోలియస్ అందంగానే ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ ఊటనది, శరదృతువు అంటే ఐడహో రావాలి. హెన్రీస్ ఫోర్క్ నది మీద హ్యారిమన్ స్టేట్ పార్క్ భాగం నవంబర్ 30 దాకా తెరిచే ఉంటుంది, ఫ్లైలు మాత్రమే. ఆ నది ఊట బిగ్ స్ప్రింగ్స్ దగ్గర రోజుకి 12 కోట్ల గ్యాలన్లు పైకి ఉబుకుతాయి. అక్కడ మబ్బు పట్టిన రోజు, సన్నగా మంచు పడుతుంటే, బ్లూ వింగ్డ్ ఆలివ్‌ల కోసం పెద్ద రెయిన్‌బో ట్రౌట్లు ముక్కు బయటపెట్టి తింటుంటే, మీరు ఆఫీసు మర్చిపోతారు. ఇంకా దగ్గరగా కావాలంటే పికాబో ఊరి పక్కన సిల్వర్ క్రీక్. 1976 నుంచి నేచర్ కన్జర్వెన్సీ చూసుకుంటోంది. మహాగనీ డన్‌లకి సెప్టెంబర్, అక్టోబర్‌లలో అంతకు మించిన చోటు నేను చూడలేదు. మెటోలియస్‌లో చేపలు తక్కువ, జనం ఎక్కువ.

బెండ్_మూర్తి | సెప్టెంబర్ 29, సాయంత్రం 5:45

బాబూ, హెన్రీస్ ఫోర్క్ గొప్పదే. కానీ హ్యారిమన్ భాగానికి పైన ఐలండ్ పార్క్ డ్యామ్ ఉందని మర్చిపోకు. బంగాళాదుంప పొలాలకి నీళ్ళు ఎంత వదిలితే కింద నది అంత. ఊట దగ్గర అది ఊటనదే, డ్యామ్ కింద సగం ఊట, సగం ఇరిగేషన్. మెటోలియస్ పుట్టినచోటు నుంచి జలాశయం దాకా అడ్డం లేకుండా పారుతుంది. చేపలు తక్కువన్నావు, అందులో కొంత నిజముంది. 1990ల మధ్యలో ఇక్కడ హ్యాచరీ (చేపల్ని పెంచే కేంద్రం) ట్రౌట్లు వదలడం ఆపేశారు. ఇప్పుడున్న రెడ్‌బ్యాండ్ ట్రౌట్లన్నీ నదిలో పుట్టినవే. హ్యాచరీ చేపలున్న రోజుల్లో పడినన్ని ఇప్పుడు పడవని పాతవాళ్ళు గొణుగుతుంటారు. నాకైతే ఇప్పటి చేపే నచ్చుతుంది. దాని ఒంటి మీద ఆ ఇటుకరంగు చార చూస్తే...

సరే, ఇక్కడికి ఆపుతా. యానాం తమ్ముడూ, నీ ప్రశ్నకి జవాబు కూడా ఇదే. ఇవి ఎవరో పెంచి వదిలిన చేపలు కావు. చల్లనీళ్ళలో నెమ్మదిగా పెరిగే చేపని అందరూ తినేస్తే మూడేళ్ళలో నది ఖాళీ. నీకు పులుసే కావాలంటే హిల్స్‌బోరో పక్కనే హ్యాగ్ లేక్ ఉంది, అక్కడ రాష్ట్రం వాళ్ళు వదిలేది తినడానికే. పురుగు ఎర, బెండు, అన్నీ వేసుకో. ఎవరూ ఏమీ అనరు.

యానాం_బుల్లోడు | సెప్టెంబర్ 29, రాత్రి 7:20

హ్యాగ్ లేక్ ట్రౌట్ తిన్నా మూర్తి అన్నా. చింతపండు ఎంత పోసినా దానికి రుచి రాదు. మెత్తగా, మట్టివాసన. మా ఆవిడ మళ్ళీ తేవద్దంది.

కానీ సుధ గారు చెప్పిన కోకనీ సంగతి వింటే మా పులస గుర్తొచ్చింది. అదీ అంతే కదా, సముద్రం నుంచి వరదనీళ్ళకి ఎదురీది గోదావరిలోకి ఎక్కుతుంది. మావైపు జూలై నుంచి సెప్టెంబర్ దాకా. ధవళేశ్వరం దగ్గర బ్యారేజీ అడ్డం, పైకి పోలేదు. ఈ కోకనీ కూడా సముద్రం చేపేనా? మరి జలాశయంలో ఏం చేస్తోంది?

సుధ_కొర్వాలిస్ | సెప్టెంబర్ 29, రాత్రి 8:15

మంచి ప్రశ్న అడిగారు. కోకనీ, సాకై సాల్మన్ రెండూ ఒకే జాతి. సాకై సముద్రానికి వెళ్ళి తిరిగొస్తుంది, కోకనీ సరస్సులోనే ఉండిపోతుంది. ఒకప్పుడు ఇక్కడి సాకై కొలంబియా, డెషూట్స్, మెటోలియస్ మీదుగా ఎక్కి, లేక్ క్రీక్ ద్వారా సటిల్ లేక్ దాకా వచ్చేది. 1964లో రౌండ్ బ్యూట్ డ్యామ్ పూర్తయ్యాక ఆ దారి తెగిపోయింది. జలాశయమే సముద్రమనుకొని బతకడం నేర్చుకున్నవే ఇప్పుడు మనం చూసే కోకనీలు. 2009 చివర్లో డ్యామ్ దగ్గర కొత్త టవర్ కట్టి, పిల్లచేపల్ని పట్టి డ్యామ్ కిందికి చేర్చడం మొదలుపెట్టారు. సముద్రందాకా వెళ్ళి తిరిగొచ్చిన సాకైని మళ్ళీ పైకి తెచ్చి వదులుతున్నారు. ఆ ప్రయత్నం ఇంకా నడుస్తోంది.

పులసకీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. కోకనీ గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది, ఒక్కటి కూడా మిగలదు. పులస బతికి సముద్రానికి తిరిగి వెళ్ళగలదు, మీవాళ్ళు వెళ్ళనిస్తే.

యానాం_బుల్లోడు | సెప్టెంబర్ 29, రాత్రి 8:19

వెళ్ళనివ్వం 😀

హిల్స్‌బోరో_కిరణ్ | సెప్టెంబర్ 30, ఉదయం 7:50

మూర్తి గారూ, సుధ గారూ, చాలా థాంక్స్. ఒక డౌట్. మొన్న నాకు కాస్త దూరంలో ఒకాయన నారింజరంగు ఊలు ఉండ లాంటిది కట్టి వేస్తున్నాడు, వరసగా పడుతున్నాయి. అది గుడ్డు ఫ్లై అని తర్వాత తెలిసింది. అది ఇక్కడ వేయొచ్చా? వేస్తే తప్పా?

బాయిసీ_బాబు | సెప్టెంబర్ 30, ఉదయం 9:30

ఎందుకు తప్పు? చేప ఏది తింటుంటే అది వేయాలి, ఫ్లై ఫిషింగ్ అంటే అంతే కదా. గ్రీన్ డ్రేక్ తింటుంటే గ్రీన్ డ్రేక్, గుడ్లు తింటుంటే గుడ్డు. పురుగుని అనుకరిస్తే కళ, గుడ్డుని అనుకరిస్తే పాపం అనడం చాదస్తం. వంద మందిలో తొంభై మంది అది కట్టుకునే వస్తారు, తర్వాత డ్రై ఫ్లై (నీళ్ళ మీద తేలే ఫ్లై) ఫోటోలు పెడతారు.

బెండ్_మూర్తి | సెప్టెంబర్ 30, మధ్యాహ్నం 1:00

నేను వేయను. రూల్ గురించి మాట్లాడట్లేదు. గుడ్డు వేసేవాడు ఎక్కడ నిలబడతాడో చూడండి. గుడ్లు పెట్టేచోటికి సరిగ్గా కింద. ఆ నిలబడేచోటికి వెళ్ళడానికి గూళ్ళ మీదుగా నడుస్తాడు. ఒక్కో అడుగు కింద ఎన్ని గుడ్లు నలుగుతాయో లెక్కలేదు. ఇంకొకటి, అక్కడున్న చేపలన్నీ ట్రౌట్లు కావు, జోడు కట్టిన కోకనీలూ ఉంటాయి. కొక్కెం వాటి వీపుకో రెక్కకో తగులుతుంది. చావబోయే ముందు గుడ్లు పెట్టడానికి వచ్చిన చేపని వీపుకి కొక్కెం గుచ్చి ఈడ్చడం నాకు నచ్చదు. చాదస్తమే అనుకో, పర్లేదు.

బాయిసీ_బాబు | సెప్టెంబర్ 30, మధ్యాహ్నం 1:25

అన్నా, గూళ్ళు తొక్కకుండా వేయొచ్చు కదా? నడవడం తప్పు, గుడ్డు తప్పు కాదు. రెంటినీ కలిపేస్తున్నావు. మంచి నిమ్ఫ్ వేసేవాడు కూడా గూళ్ళు తొక్కుతాడు, వాడిని ఎవరూ అనరు.

సుధ_కొర్వాలిస్ | సెప్టెంబర్ 30, సాయంత్రం 6:10

ఈ విషయంలో బాబు గారి వాదనే నాకు సరైనదనిపిస్తోంది. కానీ తొక్కకుండా ఉండాలంటే ముందు గూడు ఎలా ఉంటుందో తెలియాలి, చాలామందికి తెలియదు. ఆడచేప పక్కకి ఒరిగి తోకతో గులకరాళ్ళని కొట్టి గుంట చేస్తుంది. దాంతో రాళ్ళ మీది నాచు పోయి, ఆ చోటు చుట్టూ ఉన్న నేల కంటే తెల్లగా, శుభ్రంగా, కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తుంది. పైవైపు గుంట, కిందివైపు చిన్న దిబ్బ. గుడ్లు ఉండేది ఆ దిబ్బలో. అందరూ గుంటని చూసి తప్పుకుంటారు, దిబ్బ మీద కాలేస్తారు. చేపలు వెళ్ళిపోయాక కూడా గుడ్లు చలికాలమంతా అక్కడే ఉంటాయి కాబట్టి, ఎర్రచేపలు కనబడట్లేదని ధైర్యంగా నడవకండి. కొన్ని వారాలకి రాళ్ళ మీద మళ్ళీ నాచు పట్టి గూడు గుర్తుపట్టలేనట్టవుతుంది. అక్టోబర్ నుంచి గులకరాళ్ళున్న లోతు తక్కువ చోట్లకి అసలు దిగకపోవడం మేలు. ఈ నదిలో గట్టు మీదనుంచే చాలా చోట్ల వేయొచ్చు.

బుల్ ట్రౌట్ గురించి ఎవరూ ఎత్తలేదు. కోకనీల వెనకే అవి కూడా తిరుగుతుంటాయి. 1998 నుంచి ఫెడరల్ చట్టం కింద ముప్పున్న జాతుల జాబితాలో ఉన్నాయి, అయినా మెటోలియస్‌లో ఆరోగ్యంగానే ఉన్నాయి, ముఖ్యంగా కోకనీల పుణ్యమా అని. మీ చిన్న రెడ్‌బ్యాండ్ పోరాడుతుంటే వెనకనుంచి బుల్ ట్రౌట్ వచ్చి నోట కరుచుకోవడం ఇక్కడ మామూలే. గుర్తుపట్టడానికి పైరెక్క చూడండి, దాని మీద ఒక్క నల్లమచ్చ కూడా ఉండదు.

మోడరేటర్ | సెప్టెంబర్ 30, సాయంత్రం 6:40

చర్చ బాగుంది. చిన్న మనవి: కోకనీ గూళ్ళున్న చోట్ల జీపీఎస్ పిన్‌లు పెట్టొద్దు. ఇందాక ఒక పోస్టులో ఉన్నది తీసేశాను. నది పేరు, వంతెనల పేర్లు వరకు ఓకే.

సుబేదార్_ప్రకాశం | అక్టోబర్ 1, ఉదయం 5:20

అమెరికా సంగతి నాకు తెలియదు, మన దేశం సంగతి ఒకటి చెబుతా. నేను కాశ్మీర్‌లో డ్యూటీ చేసినప్పుడు కోకర్‌నాగ్ చూశాను. కొండ అడుగునుంచి ఊటలు, సుధ మేడమ్ చెప్పినట్టే. ఆ నీళ్ళతోనే అక్కడ పెద్ద ట్రౌట్ ఫారం నడుస్తోంది. 1900 ప్రాంతంలో ఇంగ్లీషువాళ్ళు గుడ్లు ఓడలో తెప్పించి పెంచిన బ్రౌన్ ట్రౌట్ సంతతి అక్కడి వాగుల్లో ఇప్పటికీ ఉంది. కానీ అక్కడ శరదృతువులో పట్టడం కుదరదు. సెప్టెంబర్ నెలాఖరుకి సీజన్ ముగుస్తుంది, ఎందుకంటే బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెట్టేది ఆ తర్వాతే. హిమాచల్‌లో నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మూత. పర్మిట్ తీసుకొని, ఏ బీట్ (నదిలో కేటాయించిన భాగం) ఇచ్చారో ఆ బీట్‌లోనే పట్టాలి. తెలుగువాళ్ళెవరైనా వెళ్ళాలనుకుంటే సెప్టెంబర్ రెండోవారం మంచిది.

బెండ్_మూర్తి | అక్టోబర్ 1, ఉదయం 6:30

సుబేదార్ గారూ, ఇది తెలియని సంగతి, థాంక్స్. ఇక్కడ మెటోలియస్‌లో తేడా ఏమిటంటే, రెడ్‌బ్యాండ్ రెయిన్‌బో జాతి. గుడ్లు పెట్టేది శరదృతువు దాటాక, చలికాలం నుంచి వసంతం దాకా. అందుకే అక్టోబర్‌లో దాన్ని పట్టడానికి అభ్యంతరం లేదు.

లక్ష్మి_టిగార్డ్ | అక్టోబర్ 1, రాత్రి 10:05

మధ్యలో దూరుతున్నా, క్షమించండి. మావారు ఈ థ్రెడ్ చదివి టెంట్ కొనేశారు. ఇద్దరు పిల్లలు, 6, 9 ఏళ్ళు. అక్టోబర్‌లో అక్కడ పిల్లలకి చేయడానికి ఏమైనా ఉందా, లేక గట్టు మీద కూర్చొని చలికి వణకడమేనా? లైసెన్స్ పిల్లలకి కూడా కావాలా?

సుధ_కొర్వాలిస్ | అక్టోబర్ 1, రాత్రి 10:30

లక్ష్మి గారూ, 12 ఏళ్ళ లోపు పిల్లలకి లైసెన్స్ అక్కర్లేదు. నది పుట్టిన చోటికి తీసుకెళ్ళండి, పార్కింగ్ నుంచి పావు మైలు తారుబాట. రాళ్ళ కిందనుంచి ఒక నది మొత్తం అలా బయటికి రావడం పిల్లలు మర్చిపోరు. వెనక మౌంట్ జెఫర్సన్ కూడా కనిపిస్తుంది, మబ్బు లేకపోతే. తర్వాత విజార్డ్ ఫాల్స్ హ్యాచరీ. అక్కడ చెరువుల్లో చేపలకి మేత వేయనిస్తారు, అది చాలు వాళ్ళకి గంటన్నర. పేరులో ఫాల్స్ అని ఉంది గానీ జలపాతం కోసం చూడకండి, వంతెన కింద నీలంగా సుడులు తిరిగే నీళ్ళు, అంతే. అవే బాగుంటాయి.

టెంట్ గురించి మాత్రం ఆలోచించుకోండి. రాత్రిళ్ళు సున్నా దాటి కిందికి పోతుంది. నది పక్క క్యాంపు గ్రౌండ్లు చాలావరకు ఆ నెలలో మూతపడతాయి, ఏది తెరిచుందో వెళ్ళేముందు చూసుకోండి. క్యాంప్ షెర్మన్‌లో క్యాబిన్లు దొరుకుతాయి.

బెండ్_మూర్తి | అక్టోబర్ 2, ఉదయం 6:15

ఇంకో మూడు మాటలు, ఇవి టెక్నిక్ కంటే ముఖ్యం.

ఆ నెలలో లేడి వేట సీజన్ నడుస్తుంటుంది. కాలిబాట మీద నడిచేటప్పుడు నారింజరంగు టోపీయో జాకెట్టో వేసుకోండి, పిల్లలకి తప్పనిసరిగా. శాంటియామ్ పాస్ మీద అక్టోబర్‌లోనే మంచు పడొచ్చు, కార్లో టైర్లకి వేసే చైన్లు పెట్టుకోండి. క్యాంప్ షెర్మన్‌లో ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

నదిలో ఎక్కడ ఏ రూల్ అనేది: బ్రిడ్జ్ 99కి పైన ఫ్లై మాత్రమే. దానికి కింద ఫ్లైతో పాటు కృత్రిమ లూర్లు (నకిలీ ఎరలు) కూడా. ట్రౌట్ ఎక్కడ పట్టినా వదిలేయాల్సిందే. అలింగ్‌హామ్ వంతెనకి పైభాగం అక్టోబర్ 31తో మూసేస్తారు, కిందిభాగం ఏడాదంతా ఉంటుంది. దిగువకి వెళ్ళే కొద్దీ ఎడమగట్టు వార్మ్ స్ప్రింగ్స్ తెగల రిజర్వేషన్ భూమి అవుతుంది, అటువైపు దిగకండి. ఇవి మారుతుంటాయి, రాష్ట్రం వాళ్ళ రూల్స్ పుస్తకం ఆ ఏడాదిది చూసుకోవాలి.

హిల్స్‌బోరో_కిరణ్ | అక్టోబర్ 13, రాత్రి 8:50

వెళ్ళొచ్చాం. యానాం బ్రో కూడా వచ్చాడు.

లోయర్ క్యాన్యన్ క్రీక్ క్యాంప్ నుంచి కిందికి, విజార్డ్ ఫాల్స్ వైపు నడిచాం. వైన్ మేపుల్ ఆకులు ఎర్రగా, లార్చ్ చెట్లు అప్పుడే పసుపెక్కుతున్నాయి. పొద్దున్నంతా నిమ్ఫ్ వేశాను. మూర్తి గారు చెప్పినట్టు రాయి తగిలేదాకా బరువు పెంచుకుంటూ పోయాను, నేను అనుకున్న దానికి దాదాపు రెట్టింపు బరువు పట్టింది. అప్పుడు ఒక వైట్‌ఫిష్, తర్వాత పన్నెండంగుళాల రెడ్‌బ్యాండ్. మధ్యాహ్నం మబ్బు పట్టింది. దుంగ పక్కన ఒక చేప లేస్తోంది. నీళ్ళ మీద గ్రీన్ డ్రేక్‌లు కనిపిస్తూనే ఉన్నాయి, అది వాటిని వదిలేసి సన్న ఆలివ్‌లకే లేస్తోంది. పైనుంచి కిందికి, 20 సైజు, 6ఎక్స్. రెండుసార్లు వచ్చి ఫ్లై కింద ముక్కు పెట్టి చూసి వెళ్ళిపోయింది. 7ఎక్స్ మార్చాక తీసుకుంది. నాలుగు సెకన్లకి తెంపుకొని దుంగ కిందికి పోయింది.

గుడ్డు ఫ్లై వేయలేదు, వేయాలనిపించింది గానీ కోకనీలు మరీ దగ్గరగా ఉన్నాయి.

యానాం_బుల్లోడు | అక్టోబర్ 13, రాత్రి 9:15

నా సంగతి నేను చెబుతా. ఫ్లై చెట్టుకి తగిలించడంలో నేను నిపుణుణ్ణి, అది తేలింది. కానీ కోకనీలు చూశాను. ఒక్కచోట వందల్లో, ఎర్రగా, తోకలు తెల్లగా అరిగిపోయి, అయినా కొట్లాడుకుంటూ. వాటి మధ్యలో ఒక నల్లటి నీడ కదిలింది, నా కాలంత ఉంది. బుల్ ట్రౌట్ అని కిరణ్ చెప్పాడు. అది పట్టాలంటే ఏ రాడ్ కావాలి మూర్తి అన్నా?

బెండ్_మూర్తి | అక్టోబర్ 14, ఉదయం 6:00

చూశావా, పులుసు అడగలేదు 😀 7 లేదా 8 వెయిట్ రాడ్, మునిగే లైన్, అరచేయంత పొడుగు స్ట్రీమర్ (చిన్న చేపలా కట్టిన ఫ్లై). జలాశయంలో 1989లో పడిన రాష్ట్ర రికార్డు బుల్ ట్రౌట్ 23 పౌండ్ల 2 ఔన్సులు. కాబట్టి సన్నదారం పెట్టుకొని దాన్ని గంటసేపు అలిసిపోనివ్వకు, లావుదారంతో త్వరగా తెచ్చి, నీళ్ళలోనే ఉంచి కొక్కెం తీసి వదిలెయ్. అక్టోబర్‌లో అవి కోకనీ గూళ్ళ దగ్గరే ఉంటాయి కాబట్టి అప్పుడు నేను వాటి జోలికి పోను. డిసెంబర్, జనవరిలలో బ్రిడ్జ్ 99 కింద లోతు మడుగుల్లో వెతకడం నయం. అప్పటికి జనం ఉండరు, నీళ్ళ వేడి ఇప్పటిలాగే ఉంటుంది.

కిరణ్ గారూ, 7ఎక్స్ తెగింది దారం బలం చాలక కాకపోవచ్చు. దుంగ పక్కన చేప తీసుకోగానే రాడ్ పైకి ఎత్తితే అది కిందికే పోతుంది. రాడ్‌ని పక్కకి, దుంగకి ఎదురువైపు వంచి, నీటికి దగ్గరగా పెట్టి లాగండి. తల తిరుగుతుంది. మూడు, నాలుగు అడుగులు దుంగకి దూరమయ్యాక ఇక కంగారు లేదు.

బాయిసీ_బాబు | అక్టోబర్ 14, ఉదయం 9:40

అదే చేప హెన్రీస్ ఫోర్క్‌లో అయితే దుంగ ఉండేది కాదు, నాచు ఉండేది. అక్కడ కూడా తెంపేదే లే. నవంబర్ మొదటివారం నేను యాష్టన్ వైపు వెళ్తున్నా, కార్లో రెండు సీట్లు ఖాళీ. ఎవరైనా బాయిసీ దాకా వస్తే చెప్పండి.